దోర్నకల్, దుమ్ముగూడెం తొలి క్రైస్తవ సంఘాలు

దోర్నకల్, దుమ్ముగూడెం తొలి క్రైస్తవ సంఘాలు అనగా 19వ శతాబ్దం రెండవ భాగము నుండి 20వ శతాబ్దం మధ్య వరకు ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతంలో ఏర్పడిన ఆంగ్లికను క్రైస్తవ సంఘాలు. వీటిలో కోయలు, మాలలు, మాదిగలు, కొద్ది సంఖ్యలో ఇతర కులాలవారు సభ్యులుగా ఉండేవారు. అంతకు ముందు ఒకరి ఇంట ఒకరు భోజనం చేయని వీరు బాప్తిస్మం తరువాత ఒకే పాత్రలోని ద్రాక్షారసం పుచ్చుకోవలసి వచ్చింది. ఈ కారణంగా సహపంక్తి భోజనం, వివాహం, మద్యపానం, గ్రామదేవతల జాతరలు, వెట్టి పనులు మొదలైన విషయాలపై సంఘాలలో తీవ్రమైన వివాదాలు తలెత్తాయి. వీటిలో కొన్ని కాలక్రమంలో సమసిపోగా, కుల సమస్య మాత్రం నేటికీ పూర్తిగా పరిష్కారం కాలేదు.

ప్రాంతము

దుమ్ముగూడెం గోదావరి నది ఎడమ ఒడ్డున, భద్రాచలానికి ఎగువన ఉన్నది. పర్ణశాల పుణ్యక్షేత్రం ఈ మండలంలోనిదే. 1860లో జరిగిన ఒప్పందం ప్రకారం గోదావరి ఎడమ ఒడ్డున గల భద్రాచలం, రేకపల్లి తాలూకాలు నిజాము నుండి బ్రిటిషువారికి సంక్రమించాయి. మొదట ఇవి మధ్య పరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేర్చబడ్డాయి. 1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016 నుండి దుమ్ముగూడెం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

దోర్నకల్ ఖమ్మం పట్టణానికి ఉత్తరాన ఉన్న రైల్వే జంక్షను. ఇల్లందు బొగ్గు గనులకు వెళ్ళే శాఖ ఇక్కడ ప్రధాన మార్గం నుండి విడిపోతుంది. ఇది నిజాము రాజ్యంలోని ఊరు. 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. ఈ విధంగా ఒకే అడవికి రెండు వైపుల ఉన్న ఈ సంఘాలు రెండు వేర్వేరు ప్రభుత్వాల క్రింద పెరిగాయి. నది ఎడమ ఒడ్డున బ్రిటిషు చట్టాలు, అడవి సుంకాలు, ఆబ్కారీ గుత్తలు అమలులో ఉండగా, నిజాము ప్రాంతంలో దేశముఖుల పెత్తనం, వెట్టి చాకిరి ప్రబలంగా ఉండేవి. సంఘాలలో తలెత్తిన తగాదాలపై ఈ తేడా ప్రభావం కనిపిస్తుంది.

సంఘాల ఆవిర్భావం

తెలుగు ప్రాంతంలో చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) 1841లో మచిలీపట్నంలో పని ప్రారంభించింది. రాబర్టు నోబుల్ పాఠశాల ద్వారా అగ్రవర్ణాల యువకులను ఆకర్షించడం ఈ సంస్థ తొలి పద్ధతి. అయితే గ్రామాలలో ఉద్యమం వేరొక వైపు నుండి వచ్చింది. కృష్ణా జిల్లా రాఘవాపురం గ్రామానికి చెందిన మాల కులస్థుడు పగోలు వెంకయ్య 1859లో డార్లింగు అనే మిషనరీ చేత బాప్తిస్మం పొందాడు. ఆయన బంధువుల ద్వారా మతం ఊరి నుండి ఊరికి వ్యాపించింది. చుట్టరికపు దారిలో నడిచిన ఈ వ్యాప్తి మూలంగా అనేక చోట్ల ఒక సంఘం అంటే ఒకే కులంవారి సంఘంగా ఏర్పడింది. తరువాతి కాలపు చిక్కులకు ఇదొక ముఖ్య కారణం.

దుమ్ముగూడెంలో పని మరొక విధంగా మొదలయింది. సర్ ఆర్థరు కాటన్ ఆశించిన ఎగువ గోదావరి జలమార్గపు పనులు 1860లలో ఇక్కడ జరుగుతుండేవి. ఆ పనులలో ఉన్న ఇంజనీరు కెప్టెన్ హేగ్ కోయల మధ్య క్రైస్తవ బోధ జరగాలని కోరుకొన్నాడు. అదే పనులలో ఉద్యోగిగా ఉన్న ఐ. వెంకటరామరాజు క్రైస్తవుడై, ఉద్యోగం వదిలి, కోయల మధ్య బోధకుడిగా స్థిరపడ్డాడు. తరువాత గురుపట్టం కూడా పొందాడు. జలమార్గపు పనులను 1871లో ప్రభుత్వం విరమించినప్పటికీ కోయ మిషను కొనసాగింది. 1870లలో ఇక్కడికి వచ్చిన జాన్ కెయిన్ ఈ రెండు తాలూకాలలోని కోయల ఆచారాలను గురించి 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో వ్యాసాలు ప్రచురించాడు. 1889లో లూకా సువార్త కోయ భాషలో వెలువడింది. కోయల కోసం ప్రారంభించిన ఈ మిషనులో మాలలు కూడా చేరడంతో సంఘం మొదటి నుండే మిశ్రమ సంఘమైనది.

దోర్నకల్ మిషను పూర్తిగా భారతీయులు స్థాపించినది. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ తన మొదటి కార్యక్షేత్రంగా ఈ ప్రాంతాన్ని ఎంచుకొన్నది. ఇక్కడ తొలి బాప్తిస్మాలు 1906లో జరిగాయి. ఆ సంస్థ స్థాపకులలో ఒకడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874 - 1945) 1909లో గురువై దోర్నకల్ వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికను సంఘంలో ఈ పదవి పొందిన మొదటి భారతీయుడు ఈయనే. మొదట చిన్నదిగా ఉన్న దోర్నకల్ అధ్యక్ష మండలం 1920 తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలను కూడా కలుపుకొని, 1930ల చివరి నాటికి రెండు లక్షలకు పైగా సభ్యులు గలదిగా పెరిగింది.

కొరింథు సంఘముతో పోలిక

క్రైస్తవ సంఘాలలో ఇటువంటి వివాదాలు కొత్తవి కావు. బైబిలు కొత్త నిబంధనలోని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పూర్తిగా ఇటువంటి తగాదాలకు సమాధానంగా వ్రాయబడినది. గ్రీసు దేశంలోని కొరింథు నగరాన్ని క్రీ.పూ. 146లో రోమనులు నాశనం చేయగా, క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ తిరిగి నిర్మింపజేశాడు. రేవు పట్టణం కావడంతో వర్తకులు, విడుదల పొందిన బానిసలు, కూలీలు అక్కడ కలిసి నివసించేవారు. పౌలు సుమారు క్రీ.శ. 50 - 52 మధ్య అక్కడ సంఘాన్ని స్థాపించి, కొద్ది సంవత్సరాల తరువాత ఎఫెసు నుండి ఈ ఉత్తరం వ్రాశాడు.

క్లోయె ఇంటివారి ద్వారా పౌలుకు తెలిసిన విషయాలు, సంఘస్థులు అడిగిన ప్రశ్నలు ఈ పత్రికలో కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి:

* పౌలు, అపొల్లో, కేఫా, క్రీస్తు పేర్లతో ఏర్పడిన కక్షలు
* తండ్రి భార్యతో కాపురం చేస్తున్న ఒక సభ్యుని విషయం
* సభ్యులు ఒకరిపై ఒకరు బయటి న్యాయస్థానాలలో వ్యాజ్యాలు వేసుకోవడం
* అవిశ్వాసులైన భార్యాభర్తలతో కాపురం, విడాకులు
* విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చునా అనే ప్రశ్న
* ప్రభువు భోజనంలో కలిగినవారు ముందుగా తిని, పేదలు ఆకలితో మిగలడం

ఈ జాబితాలోని ప్రతి అంశానికీ గోదావరి తీరపు సంఘాలలో ఒక ప్రతిరూపం ఉన్నది. అందువలన ఈ పత్రికను గ్రామ సంఘాలలో ప్రాచీన గ్రంథంగా కాక, అప్పుడే అందిన ఉత్తరంగా చదువుకొనేవారు. 1860ల చివర ఒంగోలు బాప్తిస్టు మిషనులో జరిగిన సంఘటన ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మాదిగలను చేర్చుకొంటే తాము రాబోమని అగ్రవర్ణాలవారు హెచ్చరించినప్పుడు, మిషనరీ జాన్ క్లౌ, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరువగా ఇద్దరికీ ఈ పత్రిక మొదటి అధ్యాయమే కనిపించిందని చెబుతారు. లోకంలో నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న ఆ భాగం చదివి వారు మాదిగల పక్షం వహించారు.

ప్రధాన వివాదాలు

సహపంక్తి, కులము

దక్షిణ భారత ప్రొటెస్టంటు సంఘాలలో కులాన్ని అనుమతించాలా అనే చర్చ అంతకు ముందే జరిగింది. 1833లో కలకత్తా బిషపు డేనియల్ విల్సన్ సంఘంలో కుల భేదాలను వెంటనే విడువవలెనని ఆదేశించాడు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం, కులాన్ని విడిచినట్లు సహపంక్తి భోజనం ద్వారా నిరూపించనివారికి బాప్తిస్మం ఇవ్వరాదని తీర్మానించింది. అయితే కాగితంపై ఉన్న తీర్మానాన్ని పల్లెలో అమలు చేయడం కష్టమయింది.

దుమ్ముగూడెంలో కోయలు తమను కోయదొరలుగా భావించుకొని, మాలల చేతి తిండి తినేవారు కాదు. తమ గూడెంలో మాల క్రైస్తవుడు ఉపాధ్యాయుడుగా ఉండడం, అతనితో కలిసి ప్రభువు భోజనం పుచ్చుకోవడం కోయ కుటుంబాలకు కులపంచాయతి ఎదుట నేరమయ్యేది. వెలి వేయబడిన కోయకు పిల్లనిచ్చేవారు, శవం మోసేవారు దొరకరు. కనుక బాప్తిస్మం పొందడం అంటే ఒక కోయకు దేవుణ్ణి మార్చుకోవడంతో సరిపోయేది కాదు, బంధుబలగాన్ని పోగొట్టుకోవడమయ్యేది. కోయల మధ్య మతవ్యాప్తి నెమ్మదిగా సాగడానికి ఇది ముఖ్య కారణం.

మైదాన గ్రామాలలో మాల, మాదిగల మధ్య స్పర్ధ ప్రధానమైనది. మాలలు ముందుగా చేరిన ఊరిలో మాదిగలు వెనుదీసేవారు. మాదిగలు ముందుగా చేరిన ఊరిలో మాలలు ప్రార్థన మందిరానికి రావడానికి ఇష్టపడేవారు కాదు. మందిరం మాలపల్లెలో కట్టాలా, మాదిగ వాడలో కట్టాలా, బావి ఎవరిది, ఉపాధ్యాయుడు ఏ కులంవాడు అన్నవి చిన్న ప్రశ్నలుగా కనిపించినా, వాటిపైనే సంఘాలు చీలిపోయేవి. 1930లలో కొన్ని గ్రామాలలో శూద్ర కులాలవారు కూడా మతంలో చేరడం మొదలుపెట్టినప్పుడు, వారు దళిత క్రైస్తవుల ప్రక్కన కూర్చోవలసి వచ్చి ఈ ప్రశ్న మరల తలెత్తింది.

జాతరలు, డప్పు, చచ్చిన పశువు

గ్రామదేవతల జాతరలలో మాల, మాదిగలకు నిర్ణీతమైన విధులుండేవి. డప్పు కొట్టడం, బలి పశువును మోయడం, ఊరిలో చచ్చిన పశువును ఈడ్చి తోలు తీయడం మాదిగల పనులు. వీటికి ప్రతిఫలంగా ధాన్యం, మాంసంలో వాటా లభించేవి. క్రైస్తవులైన తరువాత ఈ పనులు చేయవచ్చునా అనే ప్రశ్న వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో క్లౌ మాదిగ క్రైస్తవులకు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఇతర తెలుగు మిషనులలోను ఇటువంటి నియమాలే ఉండేవి.

ఈ నియమాలు మతపరమైనవిగా కనిపించినా వాటి ఫలితం ఆర్థికమైనది. ఆదివారం పనికి రాని పాలేరు, జాతరలో డప్పు కొట్టని మాదిగ ఊరి పెద్దల ఆగ్రహానికి గురయ్యేవారు. కూలి నిలిపివేయడం, బావి మూసివేయడం, అప్పు ఒక్కసారిగా తీర్చమనడం వంటి శిక్షలు ఎదురయ్యేవి. దానితో సంఘంలోనే రెండు అభిప్రాయాలు ఏర్పడేవి. డప్పు కొట్టినంత మాత్రాన పూజించినట్లు కాదని కొందరు, ఒకసారి వెళితే పిల్లలు కూడా వెళతారని కొందరు వాదించేవారు. విగ్రహార్పిత మాంసం గురించి కొరింథులో జరిగిన వాదన కూడా ఇటువంటిదే. కోయ గూడెములలో భూమి పండుగ, కొత్తల పండుగల విషయంలోను ఇదే చిక్కు వచ్చేది. కొత్త పంటను గూడెమంతా కలిసి వేలుపుకు సమర్పించిన తరువాతనే తినాలన్నది కోయల కట్టుబాటు. ఒక్క కుటుంబం దానిని మీరినా వానలు పడకపోవడానికి, పులి తిరగడానికి వారే కారణమని నింద పడేది.

మద్యపానము

ఇప్పసారా, తాటికల్లు, జీలుగుకల్లు కోయల ఆహారంలో, పెళ్ళిళ్ళలో, చావులలో భాగాలు. మిషనరీలు దీనిని దురలవాటుగా చూసి, మానివేయడాన్ని క్రైస్తవ జీవితానికి గుర్తుగా పరిగణించారు. అదే కాలంలో ప్రభుత్వం కల్లుపై పన్ను విధించి, గుత్తేదారులకు అప్పగించింది. చెట్టు గీసుకొనే హక్కు పోవడం 1879లో ప్రారంభమైన రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాలలో ఒకటి. ఈ తిరుగుబాటు రేకపల్లి ప్రాంతానికి కూడా వ్యాపించింది. కల్లు మానమనే బోధకుడి మాట, కల్లుపై పన్ను కట్టమనే అధికారి మాట ఒకే సమయంలో వినవలసి వచ్చిన కోయలు వారిద్దరినీ ఒకే పక్షంవారిగా అనుమానించడంలో ఆశ్చర్యం లేదు.

మైదాన సంఘాలలో పరిస్థితి కొంత భిన్నమైనది. అక్కడ త్రాగుడు అప్పుకు, అప్పు పాలేరుతనానికి దారి తీసేది. కనుక మద్యపాన నిషేధాన్ని స్త్రీలు, కుటుంబ పెద్దలు తమంతట తామే సమర్థించేవారు.

వివాహము

వివాహ విషయంలో మూడు రకాల వివాదాలుండేవి.

* బాల్య వివాహాలు, అన్యమతస్థులైన మేనరికాలు: క్రైస్తవులు కొద్దిమందే ఉన్న ఊరిలో స్వకులంలో క్రైస్తవ సంబంధం దొరకడం కష్టం. పరకులపు క్రైస్తవుని కంటే స్వకులపు హిందువునకే పిల్లనివ్వడానికి తల్లిదండ్రులు మొగ్గు చూపేవారు.
* ఎత్తుకుపోయి చేసుకొనే పెళ్ళి, లేచిపోవడం, మారుమనువు: కోయలలో ఇవి పెద్దల సమక్షంలో తప్పు చెల్లించి సరిచేసుకొనే సామాన్య విషయాలు. సంఘ నియమాల ప్రకారం వీటిలో కొన్ని పాపాలుగా పరిగణింపబడేవి.
* బహుభార్యత్వం: 1888 లాంబెత్ సమావేశం ఒకరి కంటే ఎక్కువ మంది భార్యలున్న పురుషునికి బాప్తిస్మం ఇవ్వరాదని, అటువంటివాని భార్యలకు మాత్రం కొన్ని సందర్భాలలో ఇవ్వవచ్చునని తీర్మానించింది. రెండవ భార్యను వదలివేస్తే ఆమె గతి ఏమిటన్న ప్రశ్నకు ఈ తీర్మానంలో స్పష్టమైన జవాబు లేదు.

బ్రిటిషు పాలిత ప్రాంతంలో ఈ విషయాలపై చట్టాలు కూడా వచ్చాయి. మతం మారిన కారణంగా భార్య గాని భర్త గాని విడిచిపెట్టినప్పుడు వివాహం రద్దు చేసుకోవడానికి 1866 చట్టం వీలు కల్పించింది. అవిశ్వాసి విడిచిపోతే విశ్వాసి బద్ధుడు కాడని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో ఉన్న అభిప్రాయమే ఈ చట్టానికి ఆధారం. 1872 భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం దేశీయ క్రైస్తవులలో వరునికి 16, వధువుకు 13 సంవత్సరాలు దాటి ఉండవలసి వచ్చేది. ఈ వయస్సులు నేడు తక్కువగా కనిపించినా, ఆనాటి పల్లెలలో వీటిని పాటించడమే కష్టంగా ఉండేది.

సంఘ క్రమశిక్షణ

వివాదాలను విచారించడానికి సంఘాలు గ్రామ పంచాయతి పద్ధతినే అనుసరించాయి. గురువు, ఉపాధ్యాయుడు, సంఘ పెద్దలు కలిసి ఇరుపక్షాల వాదన వినేవారు. తప్పు చేసినవారిని ప్రభువు భోజనం నుండి కొంతకాలం నిలిపివేయడం సాధారణ శిక్ష. సంఘం ఎదుట ఒప్పుకొని పశ్చాత్తాపపడితే తిరిగి చేర్చుకొనేవారు. బయటి కచేరీలకు వెళ్ళకుండా సంఘంలోనే తగవు తీర్చుకోవాలన్నది పౌలు సూచించిన మార్గమే అయినా, కచేరీకి వెళ్ళే స్తోమత లేని పేదలకు ఇది ఉపయోగకరంగా కూడా ఉండేది.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. త్రాగినవాడిని, లేచిపోయిన జంటను విచారించడం సులభం. తన ఊరిలో వేరే కులపు క్రైస్తవుని ఇంట నీరు త్రాగని పెద్దను విచారించడం సులభం కాదు, ఎందుకంటే విచారించేవారిలో అతడూ ఒకడు. శిక్షలు వ్యక్తుల నడవడికపై పడినంతగా కులాచారంపై పడలేదు.

అజరయ్య విధానము

అజరయ్య తిరునల్వేలి జిల్లాకు చెందిన నాడారు కుటుంబంలో పుట్టాడు. ఆ ప్రాంతపు సంఘాలలో కుల కక్షలను చిన్ననాటి నుండి చూసినందున, దోర్నకల్‌లో కులానికి వేర్వేరు మందిరాలు, వేర్వేరు ఆరాధనలు ఏర్పడడాన్ని ఆయన వ్యతిరేకించాడు. మురికి, రోగం, అప్పు, త్రాగుడు అనే నాలుగింటిని గ్రామ సంఘాల శత్రువులుగా పేర్కొని, పాఠశాలల ద్వారా వాటిపై పోరాటం సాగించాడు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ స్త్రీల శిక్షణలో పాలుపంచుకొన్నది. బాప్తిస్మం పొందినవారు తమ తలపై తామే చేయి ఉంచుకొని, సువార్తను ప్రకటించే బాధ్యత తమదేనని పలకడం ఆయన ప్రవేశపెట్టిన ఆచారం. ఈ మాటలు కూడా కొరింథు పత్రిక తొమ్మిదవ అధ్యాయం నుండి తీసుకొన్నవే.

దేశీయ పద్ధతులను పూర్తిగా త్రోసివేయకుండా పంటకోత పండుగలకు, భజనలకు ఆయన ఆరాధనలో స్థానం కల్పించాడు. జాతర మానిన గ్రామస్థులకు దాని స్థానంలో మరొక ఉత్సవం అవసరమన్నది ఇందులోని ఆలోచన. 1939లో ప్రతిష్ఠించబడిన దోర్నకల్ కెథడ్రల్ హిందూ, ముస్లిం, క్రైస్తవ నిర్మాణ రీతుల కలయికకు పేరు పొందింది.

అజరయ్య కుల సమస్యను సంఘాల మధ్య గల చీలికలతో ముడిపెట్టి చూశాడు. కులాలుగా విడిపోవద్దని గ్రామస్థులకు బోధించే మిషనులు తామే శాఖలుగా విడిపోయి ఉండడం తగదని ఆయన అభిప్రాయం. 1919లో తరంగంబాడిలో జరిగిన ఐక్యతా సమావేశానికి ఆయన నాయకులలో ఒకడు. ఈ ప్రయత్నాల ఫలితంగా 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. అప్పటికి ఆయన మరణించి రెండున్నర సంవత్సరాలు దాటింది.

విమర్శలు

1930లలో మహాత్మా గాంధీ సామూహిక మతమార్పిడులను విమర్శించాడు. హరిజనులు లౌకిక ప్రయోజనాల కోసం మతం మారుతున్నారన్నది ఆయన అభ్యంతరం. గ్రామస్థుల ఆధ్యాత్మిక తృష్ణను తక్కువగా అంచనా వేయరాదని అజరయ్య వాదించాడు. మరొక వైపు నుండి వచ్చిన విమర్శ ప్రకారం, మిషనులు కోయల పాటలను, పండుగలను, వివాహ స్వేచ్ఛను విచక్షణ లేకుండా పాపాల జాబితాలో చేర్చాయి. మూడవ విమర్శ సంఘాల లోపలి నుండి వచ్చినది. కులాన్ని నిషేధించినట్లు ప్రకటించినా, పెళ్ళిళ్ళలో, పదవులలో అది కొనసాగిందని దళిత క్రైస్తవ రచయితలు ఎత్తి చూపారు.

పరిణామము

చచ్చిన పశువు మాంసం తినడం, బాల్య వివాహాలు వంటి ఆచారాలు క్రమంగా తగ్గిపోయాయి. వీటిని మానడం వలన తమ గౌరవం పెరుగుతుందని సభ్యులే గ్రహించడం ఇందుకు ముఖ్య కారణం. కులాంతర వివాహాలు మాత్రం అరుదుగానే జరిగాయి. సంఘ పరిపాలనలో మాల, మాదిగల ప్రాతినిధ్యం తెలుగు క్రైస్తవ సంఘాలలో తరచు చర్చకు వస్తూనే ఉన్నది.

స్వాతంత్ర్యం తరువాత ఈ సమస్యకు చట్టపరమైన కోణం కూడా తోడయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమైనది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు గాని క్రైస్తవులకు వర్తింపజేయలేదు. క్రైస్తవులైన మాల, మాదిగలు తెలుగు రాష్ట్రాలలో వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలోకి వస్తారు. షెడ్యూల్డు తెగలకు ఇటువంటి మత నిబంధన లేనందున క్రైస్తవులైన కోయలు తమ తెగ హోదాను కోల్పోరు. ఆ విధంగా దుమ్ముగూడెంలో ఒకే బల్ల వద్ద ప్రభువు భోజనం తీసుకొనే కోయ క్రైస్తవునికి, మాల క్రైస్తవునికి చట్టం ముందు వేర్వేరు స్థానాలు ఏర్పడ్డాయి. దీని వలన అనేక కుటుంబాలు ఆరాధనలో క్రైస్తవులుగా, ధ్రువపత్రాలలో హిందువులుగా కొనసాగుతున్నాయి. మతం మారిన దళితుల హోదాను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమీషనును నియమించింది.

ఇవి కూడా చూడండి

* వేదనాయగం శామ్యూల్ అజరయ్య
* దక్షిణ ఇండియా సంఘం
* కోయ
* రంప తిరుగుబాటు
* దుమ్ముగూడెం
* కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక